‘లుక్ ఆఫ్టర్’: చూడటానికీ చూసుకోవడానికీ నడుమ

గత మాసంలో ఒక సాయంత్రం, అస్ర్ నమాజు తరువాత మక్తబ్ పిల్లలందరూ సంచులు భుజాన వేసుకుని వెళ్లిపోతుండగా, పదవ తరగతి చదువుతున్న ఒక బాలుడు మాత్రం వాకిలి దగ్గర ఆగిపోయాడు. చేతిలో ఒక కాగితం ఉంది. బడి ప్రధానోపాధ్యాయునికి ఇంగ్లీషులో రాసిన సెలవు చీటీ అది. అతని నానమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఇక్కడి నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో ఉంది. తండ్రి చింతపల్లి దారిలో ఆటో నడుపుతాడు. తల్లి మూడేళ్లుగా కువైట్‌లో ఉంది. పగటిపూట ముసలమ్మ మంచం దగ్గర ఉండవలసినవాడు ఈ పిల్లవాడే.

చీటీలో ‘ఐ యామ్ లుకింగ్ మై గ్రాండ్ మదర్’ అని రాసి ఉంది. నేను కలం తీసి ‘లుకింగ్’ పక్కన ‘ఆఫ్టర్’ చేర్చాను. అతడు కాసేపు ఆ మాట వంకే చూసి, “ఆఫ్టర్ అంటే తర్వాత కదా హజ్రత్? నానమ్మ తర్వాత ఇంకెవరిని చూడాలి?” అని అడిగాడు.

మరొకరైతే నవ్వి ఊరుకునేవారేమో. నాకు నవ్వు రాలేదు. సరిగ్గా ఈ పొరపాటే, ఇంతకంటె చాలా పెద్ద వయసులో, నేను చేశాను. ఆ సంగతి చివర చెబుతాను. ముందు పిల్లవాని ప్రశ్నకు సమాధానం కావాలి.

ఇంగ్లీషులో ఒక క్రియకు చిన్న అవ్యయం తోడై, ఆ రెండింటి అర్థాలతోనూ పొసగని మూడో అర్థం పుట్టడం సర్వసాధారణం. 1755లో తన నిఘంటువును ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ దాని పీఠికలోనే ఈ సంగతి చెప్పాడు. పరదేశీయులను అన్నింటికంటె ఎక్కువగా కష్టపెట్టేవి ఇటువంటి జంట మాటలే అని ఆయన గుర్తించాడు. వీటికి ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరు చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్తే చెప్పుకున్నాడు. పేరు లేనప్పుడూ ఇంగ్లండులో పల్లెటూరి తల్లులు ఈ మాటలు వాడుతూనే ఉన్నారు.

పిల్లవానితో నేను ఇవేమీ చెప్పలేదు. “నీవు తెలుగులో ఏమని చెబుతావు నాన్నా?” అని అడిగాను.

“నానమ్మను చూసుకుంటున్నాను అంటాను.”

“చూసి, కొంటున్నావా? కొనడమంటే బజారులో డబ్బిచ్చి తెచ్చుకోవడం కదా. నానమ్మను ఎంతకు కొంటున్నావు?”

ఈసారి అతడు నవ్వాడు. విషయం కూడా సగానికి పైగా అర్థమైంది. మన ‘కొను’ ధాతువు స్వతంత్రంగా ఉన్నప్పుడు కొనుగోలు చేయడం, గ్రహించడం. మరో క్రియకు తోడైనప్పుడు మాత్రం ఆ పని ఫలితమో బరువో చేసేవాని మీదికే మళ్లుతుంది. ‘చూచు’ అంటే కంటి పని మాత్రమే. ‘చూసుకొను’ అంటే ఆ చూపును తన మీద వేసుకోవడం. ఆసుపత్రిలో రోగిని వార్డులో నడిచే ప్రతివాడూ చూస్తాడు. చూసుకునేవాడు ఒక్కడే ఉంటాడు, కొన్నిసార్లు ఆ ఒక్కడూ ఉండడు. తెలుగు ‘కొను’ చేర్చి సాధించిన పనినే ఇంగ్లీషు ‘ఆఫ్టర్’ చేర్చి సాధించింది.

అయితే ‘ఆఫ్టర్’ ఎందుకు? ఆ మాటకు ‘తరువాత’ ఒక్కటే అర్థం కాదు. ‘వెనుక’, ‘వెంట’ అని కూడా ఉంది. వెళ్లిపోతున్న మనిషి వెంట చూపు సాగడం మొదటి భావం. ఆ వెంట సాగే చూపులో నుంచి వెదకడం, ఎదురుచూడటం, కనిపెట్టుకుని ఉండటం అన్నీ పుట్టాయి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అనువాదంలో ఈ జంటమాట ‘రాబోయేదాని కోసం ఎదురుచూడటం’ అన్న అర్థంలో కనిపిస్తుంది. ఆ వాడుక ఇప్పుడు పోయింది. ఆలనాపాలనా చూడటం అన్న అర్థం నిలిచింది. పాకే బిడ్డ వెనుక తల్లి కళ్లు ఎలా పాకుతాయో తెలిసినవారికి ‘ఆఫ్టర్’ ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

మదరసాలో చదివిన పాఠకులకు ఇందులో వింత ఏమీ కనిపించదు. ‘మీజాన్’, ‘నహ్వె మీర్’ వల్లె వేసే రోజుల నుంచి మా ఉస్తాదులు ఒక మాట చెబుతూ వచ్చారు: క్రియను ఒంటరిగా చూడవద్దు, దాని ‘సిలా’ ఏదో చూడు. సిలా అంటే క్రియకు తోడుగా వచ్చే అవ్యయం. అది మారితే అర్థం తలకిందులవుతుంది. ‘రగిబ’ క్రియకు ‘ఫీ’ చేరితే కోరుకోవడం, ‘అన్’ చేరితే విముఖుడు కావడం. ఒకే క్రియ, ఒక్క అవ్యయం తేడాతో ప్రేమ విరక్తి అయిపోతుంది.

చూపు విషయంలో అరబీ ఇంకా దగ్గరగా వస్తుంది. ‘నజర’ అంటే చూచెను. దానికి ‘ఇలా’ చేరితే (ఇది మన తెలుగు ‘ఇలా’ కాదు, ‘వైపునకు’ అని అర్థమిచ్చే అరబీ అవ్యయం) కంటితో ఒకదాని వైపు చూడటం. ‘ఫీ’ చేరితే విషయంలోకి దిగి ఆలోచించడం; ఇంగ్లీషువారి ‘లుక్ ఇంటూ’ ఇదే. అవ్యయం లేకుండా నేరుగా మనిషికి చేరితే అతని కోసం వేచి ఉండటం. ఇక ‘లి’ చేరితే, అతని మీద దయతలచి ఆదుకోవడం. మా పెద్ద తరగతుల విద్యార్థులు ఈ నాలుగూ కంఠస్థం చేసి ఉంటారు. అటువంటివారు కూడా ‘లుక్ ఎట్’, ‘లుక్ ఇంటూ’, ‘లుక్ ఆఫ్టర్’ అనగానే ఇంగ్లీషు తమకు పట్టని విద్య అని భయపడటం చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. తాళం చెవి చేతిలోనే ఉంది.

ఈ ‘నజర’ నుంచే ‘నాజిర్’, అంటే పర్యవేక్షకుడు. మన న్యాయస్థానాలలో నాజరు అనే ఉద్యోగి ఉంటాడు. ఆయన ఈ మాటకు వారసుడే. ‘నజరానా’ మాత్రం ఈ కుటుంబానికి చెందదు. అది మొక్కుబడి, కానుక అన్న అర్థంగల వేరే ధాతువు నుంచి వచ్చింది. అరబీ లిపిలో అక్షరం వేరు. తెలుగు ‘జ’లోకి దిగాక రెండూ కవలల్లా కనిపిస్తాయి.

‘లుక్ ఆఫ్టర్’కు అరబీలో అసలైన సాటి మాట ‘రిఆయత్’. మందను మేపడం, కాయడం దాని మూలార్థం. మేకల కాపరి ‘రాఈ’. ప్రతి మనిషినీ ఒక కాపరిగా పేర్కొని, తన అధీనంలో ఉన్నవారిని గూర్చి అతనికి ప్రశ్న ఉంటుందని తెలిపే సుప్రసిద్ధ హదీసులో ఉన్న పదం ఇదే. కాపరి కాచే మంద ‘రఇయ్యత్’. పాలకుడు కాపరి అయితే ప్రజలు రఇయ్యత్ అయ్యారు. పారసీ, ఉర్దూల మీదుగా అది మన నేలకు వచ్చి ‘రైతు’ అయింది. మద్రాసు రాజధానిలో థామస్ మన్రో పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతిలోని మాట కూడా అదే. ‘రాయితీ’ కూడా ఈ రిఆయత్ బిడ్డే. విత్తనాల రాయితీ కోసం వరుసలో నిలబడిన మన ప్రాంతపు రైతు తన పేరునూ, తాను అడుగుతున్న దాని పేరునూ ఒకే అరబీ ధాతువు నుంచి తెచ్చుకున్నాడు. ఒకటి చూసుకోబడవలసినవాడు, రెండవది చూసుకోవడం. ఎంతవరకు చూసుకుంటున్నారన్నది ఆ వరుసలో నిలబడినవారే చెప్పాలి.

పవిత్ర ఖుర్ఆన్ రెండవ సూరా 104వ ఆయతులో విశ్వాసులకు ‘రాఇనా’ అనవద్దు, ‘ఉన్‌జుర్నా’ అనండి అని ఆదేశం ఉన్నదని పాఠకులకు తెలుసు. మొదటి మాట రిఆయత్ కుటుంబానిది, రెండవది నజర కుటుంబానిది. రెండూ ‘మమ్ములను కొంచెం గమనించండి’ అనే అర్థానికి దగ్గరివే. మొదటిదాన్ని కొందరు పలుకు వంచి ఎగతాళిగా వాడుతున్నందున రెండవది నియమించబడిందని వ్యాఖ్యాతలు వివరించారు. సమానార్థకాలుగా కనిపించే రెండు మాటలలో ఏది వాడాలన్నది చిన్న సంగతి కాదని మా ఉస్తాద్ ఈ ఆయతు దగ్గర ప్రతిసారీ ఆగి చెప్పేవారు.

ఇక వాడుక సంగతి. తెలుగువారికి ఇక్కడ వచ్చే చిక్కు ఏమిటంటే, మన ‘చూచు’ చాలా పనులు చేస్తుంది. ‘అబ్బాయికి పిల్లను చూస్తున్నాం’ అంటాం. అది వెదకడం, కనుక ‘లుక్ ఫర్’. కొంతకాలం క్రితం ఒక పెళ్లి సంబంధపు బయోడేటా నా చేతికి వచ్చింది. ‘వుయ్ ఆర్ లుకింగ్ ఆఫ్టర్ ఎ గుడ్ గర్ల్’ అని అందులో ఉంది. అబ్బాయి తరఫువారు ఇప్పటికే ఒక మంచి అమ్మాయిని పెంచి పోషిస్తున్నారని దాని అర్థం! ‘ఇల్లు చూస్తున్నాను’ అంటే అద్దె ఇంటి కోసం వెదుకుతున్నాను. ‘ఇల్లు చూసుకుంటున్నాను’ అంటే ఇంటి బాధ్యత నాది. మొదటిది ‘ఫర్’, రెండవది ‘ఆఫ్టర్’. గోడకున్న గడియారం వైపు చూస్తే ‘ఎట్’. సంచి పోతే ‘ఫర్’. బస్సు కాంప్లెక్సులో పక్కనున్నవారికి సంచి అప్పగించి నీళ్లకు వెళితే, వారు చేసేది ‘ఆఫ్టర్’.

మనుషులకే కాదు, పనులకూ ఇది చెల్లుతుంది. ‘దుకాణం మా తమ్ముడు చూసుకుంటాడు’, ‘లెక్కలు ఆయన చూసుకుంటారు’ అన్నప్పుడు ‘లుక్స్ ఆఫ్టర్’ అచ్చంగా సరిపోతుంది. కాని తెలుగు మాట ఇంకా దూరం పోతుంది. అద్దంలో ముఖం చూసుకోవడానికి ‘ఆఫ్టర్’ రాదు. ‘వాడి సంగతి నేను చూసుకుంటాను’ అన్న బెదిరింపుకూ రాదు. ఇంగ్లీషువారికి అక్కడ ‘టేక్ కేర్ ఆఫ్’ పనికి వస్తుంది. ఆ మాట లాలనకూ, బెదిరింపుకూ రెండింటికీ ఒదుగుతుంది. ఆలనాపాలన అర్థంలో అమెరికావారు దాన్నే ఎక్కువగా వాడతారు, బ్రిటిష్‌వారికి ‘లుక్ ఆఫ్టర్’ అలవాటు. మన బడిపుస్తకాల ఇంగ్లీషు బ్రిటిష్ బాటలోనిది కాబట్టి పిల్లలకు ఇదే ముందు ఎదురవుతుంది.

విద్యార్థులు ఒక నియమం గుర్తుంచుకోవాలి. ఈ రెండు మాటల నడుమ కర్మపదాన్ని చొప్పించకూడదు. ‘లుక్ హర్ ఆఫ్టర్’ అనరు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలి. కర్మణి వాక్యంలోనూ ‘ఆఫ్టర్’ను విడిచిపెట్టరాదు: ‘షీ ఈజ్ వెల్ లుక్డ్ ఆఫ్టర్’, ఆమెను బాగా చూసుకుంటున్నారు. వాక్యం చివర అవ్యయం వేలాడుతున్నట్టు కనిపించి మన పిల్లలు దాన్ని కొట్టివేస్తారు. కొట్టివేస్తే ‘ఆమెను బాగా చూశారు’ అన్నంత మాత్రమే, అదీ వంకరగా, మిగులుతుంది. సాగనంపేటప్పుడు ‘లుక్ ఆఫ్టర్ యువర్‌సెల్ఫ్’ అంటారు. మనం ‘ఆరోగ్యం జాగ్రత్త’ అన్నట్టు.

పిల్లవానికి ఇదంతా చెబుతుండగా అతడు మధ్యలో, “మా అమ్మ కువైట్‌లో చేసే పని కూడా ఇదే హజ్రత్. ఒక ముసలామెను చూసుకుంటుంది, జీతానికి” అన్నాడు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లే మహిళలను గూర్చి పత్రికలలో చదువుతుంటాం. మన వీధి నుంచి వెళ్లిన తల్లి పరాయి ఇంటి వృద్ధురాలిని చూసుకుంటుంటే, ఆమె అత్తగారిని ఇక్కడ పదిహేనేళ్ల మనుమడు చూసుకుంటున్నాడు. రెండు చోట్లా క్రియ ఒకటే. నేను వెంటనే ఏమీ అనలేకపోయాను.

డబ్బు పంపడం, చూసుకోవడం ఒకటి కావని ఫిఖ్హ్ శాస్త్రం చాలా స్పష్టంగా విడదీసింది. పోషణ ఖర్చు ‘నఫఖా’. చిన్న బిడ్డను ఒడిలో పెట్టుకుని సాకడం ‘హజానత్’. భార్యాభర్తలు విడిపోయిన సందర్భంలో పసిబిడ్డను సాకే హక్కు తల్లిది, ఖర్చు తండ్రిది అని చెప్పగలిగింది ఈ రెండూ వేర్వేరు పనులు కాబట్టే. మన దేశపు చట్టమూ అలాగే ఉంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. బిడ్డలు పట్టించుకోని తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మన రాష్ట్రంలో ఆ బాధ్యత ఆర్డీవోలది, అటువంటి కార్యాలయం మన ఊళ్లోనే ఉంది. చట్టం నిర్దేశించిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు.

ఆ చట్టం 23వ సెక్షన్ మన ఇళ్లలో తెలియవలసినది. కనీస వసతులూ అవసరాలూ చూడాలన్న షరతుతో వృద్ధులు ఆస్తిని దానంగా రాసి ఇచ్చినప్పుడు, తీసుకున్నవారు ఆ మాట తప్పితే ఆ దస్తావేజు రద్దుకు లోనవుతుంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, అటువంటి షరతు ఉన్నట్టు చూపవలసి ఉంటుందని చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని చెప్పి, ఒక తల్లి ఇచ్చిన దానాన్ని రద్దు చేసింది. న్యాయవివరాలు న్యాయవాదులను అడగండి. నేను చెప్పేది భాషకు సంబంధించినది. ‘పిల్లలు నన్ను చూసుకుంటారు’ అన్న వాక్యం నోటి మాటగా కాక, దస్తావేజులో రాతగా ఉండాలి. ఉన్నప్పటికీ, తిండీ మందులూ ఇప్పించగలదు చట్టం. మంచం పక్కన కూర్చోబెట్టలేదు.

ఇప్పుడు నా సంగతి.

పదమూడేళ్ల క్రితం మా అమ్మీకి పక్షవాతం వచ్చింది. విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. అప్పట్లో నేను దూరపు ఊరి మదరసాలో బోధించేవాణ్ణి. కబురు అంది రాత్రి బస్సులో వచ్చాను. ఉదయం వార్డు చూడటానికి వచ్చిన యువ డాక్టరు వేరే రాష్ట్రంవాడు. తెలుగు రాదు, ఉర్దూ రాదు. ఇంగ్లీషులో ఏదో అడిగాడు. అప్పటికి నా ఇంగ్లీషు, నలభై దాటాక ఒక చిన్న పుస్తకం పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నది. ‘హూ లుక్స్ ఆఫ్టర్ హర్?’ అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది. హూ అంటే ఎవరు, లుక్ అంటే చూచు, ఆఫ్టర్ హర్ అంటే ఆమె తరువాత. ఆమె తరువాత చూడవలసినది ఎవరిని అని అడుగుతున్నాడనుకున్నాను. పక్క మంచం ఖాళీగా ఉంది. సమాధానం నాకు తెలిసినందుకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. “నోబడీ, సర్” అన్నాను.

డాక్టరు తలెత్తి ఒకసారి నా గడ్డం వంక, టోపీ వంక చూసి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

గంట తరువాత తెలుగు నర్సమ్మ వచ్చింది. “ఈ అమ్మగారిని చూసుకునేవాళ్లు ఎవరూ లేరని డాక్టరుగారు రాశారండీ. మరి మీరేమవుతారు?” అంది. అప్పుడు తెలిసింది నేనేమన్నానో. కొడుకునని చెప్పడానికి నోరు పెగల్లేదు. చివరికి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, తన పని తాను చేసుకుపోతూ వరుసగా అడిగింది: రాత్రి మాత్ర ఎన్నింటికి వేశారు, ఏ పక్కకు తిప్పి పడుకోబెడుతున్నారు, మింగేటప్పుడు దగ్గు వస్తోందా, చక్కెర జబ్బు ఎన్నాళ్లుగా. ఒక్కదానికీ నాకు జవాబు తెలియదు. ఆ రెండేళ్లుగా అమ్మీకి ప్రతి నెలా తప్పకుండా డబ్బు పంపినవాణ్ణి నేను. కిందికి మందులకు వెళ్లిన నా చెల్లెలు ఇంతలో తిరిగి వచ్చింది. చేతిలోని సంచి ఇంకా కింద పెట్టకుండానే అన్నింటికీ జవాబు చెప్పింది.

నా పొరపాటు ఏమిటో చెల్లెలికి వివరించినప్పుడు, “పోనీలే భాయ్, ఇంగ్లీషు మాట కదా” అని తేలికగా కొట్టివేసింది. మరునాడు డాక్టరు మళ్లీ వచ్చేసరికి నేను రాత్రంతా కూర్చుకున్న వాక్యంతో సిద్ధంగా ఉన్నాను. ఆయన అడగకముందే చెల్లెలి వైపు చేయి చూపి, “మై సిస్టర్ లుక్స్ ఆఫ్టర్ హర్, సర్” అన్నాను. ఆయన కాగితం తీసి నిన్నటి రాతను కొట్టివేసి దిద్దుకున్నాడు. తరువాత నా వైపు తిరిగి, “అండ్ యూ?” అన్నాడు.

దానికి సిద్ధం చేసుకున్న వాక్యం నా దగ్గర లేదు. ఆ సంవత్సరం రంజాన్ సెలవుల తరువాత నేను ఆ దూరపు మదరసాకు తిరిగి వెళ్లలేదు, నర్సీపట్నంలోనే ఉండిపోయాను. అమ్మీ ఇంకా నాలుగేళ్లు బ్రతికింది.

పిల్లవానికి నాలుగు రోజుల సెలవు దొరికింది. వచ్చే సంచికలో, ఒక సోదరి ఉత్తరంలో అడిగిన ‘గివ్ అప్’ సంగతి చూద్దాం.